లేదన్న ఒక్క ఇల్లు

పోయిన వారం మనం స్టెల్లాని అమలాపురం కాలేజీ సెమినార్ హాల్లో, గోడకి మేకు కొట్టి తగిలించిన పటం పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇక కదిలిద్దాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్టెల్లా జంతుశాస్త్రం లెక్చరరు. భూదృశ్య జీవావరణ సంఘమని ఒకటుంది, దాని కోనసీమ శాఖకి ఆవిడే కార్యదర్శి. ఆ పేరు పూర్తిగా పలకాలంటే మధ్యలో మంచినీళ్లు తాగాలి గనక అందరూ సొసైటీ అనేస్తారు. చేలు, తోటలు, కాలవలు, చెరువులు, రోడ్లు అన్నిటినీ కలిపి ఒక్క పటంగా చూసి, అందులో ఏ జీవి ఏ దారిన నడుస్తుందో, ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటుందో తేల్చడం వాళ్ల పని. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర కాలవగట్టు చెట్లకి లెక్క కట్టారు. కొత్తపేట జూనియర్ కాలేజీలో పిల్లలకి పటాల పోటీ పెట్టారు. రెండు నెలలకోసారి ఒక వార్తాపత్రిక కూడా వేస్తారు.

ఆ పత్రిక కిందటి సంచికలో మొదటి పేజీ నిండా స్టెల్లా గీసిన పటమే. అల్లవరం మండలంలో బావురుపిల్లి ఎక్కడెక్కడ తిరుగుతోందో చూపే పటం. బావురుపిల్లి అంటే మన పెరటిపిల్లికి పెద్దన్నయ్య లాంటిది. ఒళ్లంతా మచ్చలు. నీళ్లలో దిగి చేపలు పట్టుకు తింటుంది. మనిషి అలికిడి వింటే మాయమైపోతుంది. స్టెల్లా ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఉందన్న ఇంటి దగ్గరల్లా పటం మీద ఒక ఎర్రచుక్క పెట్టింది. చివరికి ఆ పటం తట్టు పోసిన పిల్లాడి వీపులా తయారైంది.

ఆ చుక్కల్ని నమ్ముకునే శనివారం జరిగే వార్షిక సభలో ఒక తీర్మానం పెడుతున్నారు. రెల్లుగడ్డ మురుగుకాలవ పక్కన మిగిలిన మడచెట్ల పట్టీ బావురుపిల్లి నడిచే దారి, దాన్ని చెరువులకి లీజుకి ఇవ్వొద్దు అని కలెక్టరుగారికి రాయాలని. తీర్మానం నెగ్గితే మడ నిలుస్తుంది. నెగ్గకపోతే వేసవిలోపే పొక్లెయిన్లు దిగుతాయి. మూడేళ్లుగా స్టెల్లా పడ్డ పాటంతా ఆ పట్టీ కోసమే.

సభకి ముందే అన్నీ చూసి పోవడానికి విశాఖపట్నం నుంచి సొసైటీ పెద్ద ఉమాదేవిగారు వచ్చారు. పటం ముందు చాలాసేపు నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంత బాగుండకూడదమ్మా" అన్నారు. అక్కడ ఆపాం కదా.

మర్నాడు ఎండ ముదరకముందే ఇద్దరూ అయ్యప్ప ఆటోలో బయలుదేరారు. అయ్యప్ప ఆటో గుంతలో పడితే వెనక కూర్చున్నవాళ్లకి చిన్నప్పుడు మర్చిపోయిన ఎక్కాలు కూడా గుర్తొస్తాయి. ఉమాదేవిగారు సన్నగా, నిటారుగా ఉండే మనిషి. నెత్తిన నూలు టోపీ, ఒళ్లో నీళ్లసీసా. మాట తక్కువ. ఉన్న ఆ కాస్త మాటా నిమ్మకాయ పిండినట్టుంటుంది.

"నువ్వు అడిగినవాళ్లలో ఎంతమంది ఉందన్నారు?"

"ఇంచుమించు అందరూనండి."

"కోరింగ మడ అడవి దాని సొంత ఊరు. అక్కడ నేనూ ఇల్లిల్లూ అడిగాను. సగంమంది పేరే వినలేదన్నారు. మరి మీ అల్లవరంలో అందరికీ కనిపించిందా? అంత సిగ్గరి జంతువు గడపగడపకీ వచ్చి పలకరించి పోయిందా?"

స్టెల్లా 'ఈవిడకి కుళ్లు' అని మాత్రం అనుకుంది. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడి, పక్కనున్న కొబ్బరితోటల వైపు మొహం తిప్పేసుకుంది.

ముందు సీట్లోంచి అయ్యప్ప తల వెనక్కి తిప్పాడు. ఆటో మాత్రం ముందుకే పోతోంది.

"మేడంగారూ, ఒక్క మాటండి. ఇందాకట్నుంచి సొసైటీ సొసైటీ అంటన్నారు. యూరియా ఎప్పుడొస్తాదండి?"

"అది వేరే సొసైటీ అయ్యప్పా."

"ఆయ్. మరి ఈ సొసైటీలో ఏవిస్తారండి?"

"ఏమీ ఇవ్వం. వచ్చి అడుగుతాం, అంతే."

"ఏవీ ఇవ్వకుండా ఊరికే అడగడవేనా? అయినా చెప్తన్నారంటే మావోళ్లు మంచోళ్లండి బాబూ," అని అయ్యప్ప మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. ఆ మాటలో ఎంత సంగతుందో అప్పటికి స్టెల్లాకి తెలియలేదు. అయ్యప్పకీ తెలియదు.

రెల్లుగడ్డలో మొదటి తోట నూకరాజుగారిది. పటం మీద మొదటి ఎర్రచుక్క కూడా ఆయనదే. మనిషి పొట్టి, మాట పొడుగు. ఆడవాళ్లిద్దరూ ఆటో దిగేలోపలే రెండు కుర్చీలు వచ్చాయి. కూర్చునేలోపల రెండు బొండాలు వచ్చాయి. తాగేలోపల ఇంట్లోంచి జంతికల పళ్లెం వచ్చింది.

"ఎంత ఎండలో పడి వచ్చేరండీ! ముందు తాగండి, అడిగేది తర్వాత అడుగుదురు గాని."

ఉమాదేవిగారు బొండం తాగి, మూతి తుడుచుకుని, నెమ్మదిగా మొదలెట్టారు.

"నూకరాజుగారూ, ఇక్కడ బావురుపిల్లి ఉందన్నారట."

"ఆయ్! ఉందండి."

"మీరు చూశారా?"

"చూడ్డం ఏంటండి, మాకు పరిచయం. అదిగో ఆ బోదెగట్టు మీద కూర్చుని చేపలు పడతా ఉంటాది. గాలం లేదండి, వల లేదండి. తోక! తోక నీళ్లలో వేలాడేసి అటు తిరిగి కూర్చుంటాది, ఏవీ ఎరగనట్టు. చేప వచ్చి తోక పట్టుకోగానే ఒక్క లాగు. మొన్న లాగింది చూడండి, పండుగప్ప. ఇంతుంది. దాన్ని పక్కన పడేసి, నాకేసి చూసి, సగం కావాలా అన్నట్టు తలాడించింది."

"మీరేమన్నారు?"

"మొహమాటపడ్డానండి. నాకెందుకులే, నువ్వు తిను అన్నాను."

స్టెల్లాకి నవ్వొచ్చింది. ఉమాదేవిగారికి రాలేదు. జంతిక ఒకటి విరిచి నోట్లో వేసుకుని, వాతావరణం సంగతి అడిగినట్టు అడిగారు.

"ఎలుగుబంటి ఉందాండీ?"

నూకరాజుగారు ఎదురుగా ఉన్న మనిషి నుదుటి మీద చెమటని చూశారు. టోపీ చూశారు. విశాఖపట్నం నుంచి వచ్చిన చెప్పుల మీద రెల్లుగడ్డ దుమ్ము చూశారు. ఆయన మొహం మెత్తబడింది.

"ఆయ్, ఉందండి. కాకపోతే ఈ నెలల్లో కనపడదు. బొచ్చెక్కువ కదండీ, ఉక్క తట్టుకోలేదు."

స్టెల్లా చేతిలో బొండం అలాగే ఉండిపోయింది. కోనసీమలో ఎలుగుబంటి! గోదావరి పుట్టి, పాయలుగా చీలి, ఈ లంకలు వేసిన నాటి నుంచీ ఇక్కడ ఎలుగుబంటి అన్నది బొమ్మల పుస్తకంలో తప్ప అడుగుపెట్టలేదు.

"చారల గుర్రం?" అన్నారు ఉమాదేవిగారు, అదే గొంతుతో. "ఒంటి నిండా నల్లచారలు, తెల్లచారలు ఉంటాయే, అది."

ఈసారి నూకరాజుగారు బాగా ఆలోచించారు. బోదె వైపు చూశారు, ఆకాశం వైపు చూశారు.

"ఉన్నమాట చెప్పాలి గదండీ. అది మా ఊళ్లో లేదు. కొత్తపేట వైపు తిరుగుతోందని విన్నాను."

ఉమాదేవిగారు పళ్లెం పక్కన పెట్టి స్టెల్లా వైపు చూశారు. ఆ చూపులో వెటకారం ఉన్నా బాగుండేది. జాలి ఉంది. స్టెల్లా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"బాబాయిగారూ, నిజం చెప్పండి. బావురుపిల్లిని మీరు ఎప్పుడైనా కళ్లతో చూశారా?"

"చూళ్లేదమ్మా."

"మరి ఉందని ఎందుకు చెప్పారండి నాకు?"

నూకరాజుగారు నొచ్చుకున్నారు. అబద్ధం ఆడినందుకు కాదు. ఇది కూడా విడమరిచి చెప్పాల్సి వచ్చినందుకు.

"అమ్మా, ఆరోజు నువ్వొచ్చినప్పుడు నీ మొహం ఎలాగుందో నీకు తెల్దు. కందిపోయి, పెదాలెండిపోయి, చేతిలో ఆ ఫోనట్టుకుని, బాబాయిగారూ ఉందాండీ అన్నావు. ఎంత ఆశగా అడిగేవని! మా ఆవిడ మజ్జిగిచ్చింది. నేను మాటిచ్చేను. ఇంటికొచ్చిన ఆడకూతుర్ని లేదు పొమ్మని పంపడానికి మేవేం మనుషులం?"

"మర్యాదకి చెప్పారా!"

"మరేనమ్మా. పైగా అవతల వీధి సత్యదుర్గారావు వాళ్లింటి కాడ రెండున్నాయని చెప్పేడంట. వాళ్ల వీధికి రెండుంటే మా వీధికి ఒక్కటైనా ఉండద్దా?"

స్టెల్లా మళ్లీ కూర్చుండిపోయింది. కళ్ల ముందు పటం కదిలింది. ఎర్రచుక్కలన్నీ ఒక్కొక్కటే కుర్చీ వేసి, బొండం కొట్టి, రండమ్మా కూర్చోండి అంటున్నట్టుంది. అందులో ఏ ఒక్కటీ పిల్లి కాదు. అన్నీ కోనసీమ మర్యాదలే.

ఆమె మొహం చూసి నూకరాజుగారు గాబరాపడ్డారు. "తప్పయిపోతే చెప్పమ్మా. లేదనే రాసుకో. దానికేముంది, నీకు ఏది కావాలో అదే రాసుకో," అన్నారు. ఆ ఉన్న కాస్త నమ్మకం కూడా ఆ మాటతో ఊడిపోయింది.

ఆటో మడపట్టీ పక్కన ఆగింది. ఆపమన్నది స్టెల్లాయే. మురుగుకాలవ నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆ ఒడ్డున మడచెట్లు బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకుని నిలబడ్డాయి. వాటి వెనక, ఇటూ అటూ, చేపల చెరువుల గట్లు. మధ్యలో పచ్చటి నాడాలా ఈ పట్టీ ఒక్కటే మిగిలింది. అటు సముద్రం వైపు నుంచి ఇటు వరిచేల దాకా ఏ జంతువు రావాలన్నా ఇదొక్కటే దారి.

"శనివారం ఆ పటం సభ ముందు పెట్టనివ్వను స్టెల్లా," అన్నారు ఉమాదేవిగారు.

"తెలుసండి. మరి మడ?"

"మడ పోతుందని నాకూ బాధే. కానీ ఈ పటం పట్టుకుని కలెక్టరు దగ్గరికి వెళ్తే, అవతలివాళ్లు నూకరాజుగారిని పిలిచి ఒక్క ఎలుగుబంటి సంగతి అడిగితే చాలు. మడా పోతుంది, సొసైటీ పరువూ పోతుంది. ఆ తర్వాత మనం నిజంగా పులిని చూపించినా ఎవరూ నమ్మరు."

స్టెల్లా తల ఊపింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే అయ్యప్ప బొండం కొట్టించుకొస్తాడని భయం. ఈరోజుకి ఇంక మర్యాద చాలు.

ఉమాదేవిగారు ఉన్నట్టుండి అడిగారు.

"ఇంచుమించు అందరూ అన్నావు పొద్దున్న. ఇంచుమించు ఏమిటి? ఎవరైనా లేదన్నారా?"

"ఒక్క ఇల్లండి. మా పిన్ని."

"ఏమంది?"

"లేదంది. అంతే. లోపలికి కూడా రమ్మనలేదు. నా మీద కోపం లెండి."

ఆ కోపం కథ చిన్నదే. స్టెల్లా తల్లి రాజోలు ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో స్టెల్లాకి జడలేసి బడికి పంపింది ఈ కాంతమ్మ పిన్నే. ఆవిడ కొడుకు హేమంత్ గల్ఫులో పడ్డ కష్టమంతా తెచ్చి ఈ మడపట్టీని ఆనుకునే చేపల చెరువు తవ్వించాడు. ఆరు నెలల కిందట నీళ్లు పెట్టేముందు గట్టు మీద షామియానా వేసి, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన కూడిక పెట్టారు. ఊరంతా వచ్చింది. స్టెల్లా రాలేదు. ఆ సాయంత్రమే చెరువుల వల్ల మడకి వచ్చే నష్టం మీద సొసైటీ సమావేశం ఉంది, అందులో మాట్లాడవలసింది ఆమే. ఆ మాటలు మర్నాడు పేపర్లో వచ్చాయి. పిన్ని ఫోను చెయ్యడం మానేసింది.

అంతా విని ఉమాదేవిగారు కళ్లజోడు తీశారు.

"కోపం ఉంటే తిట్టేది. పోనీ మాట్లాడేది కాదు. ఎలుగుబంటి కూడా ఉందని చెప్పే ఊళ్లో, అందరూ అతిథికి ఏం కావాలో అదే చెప్పే ఊళ్లో, ఒక్క మనిషి పనిగట్టుకుని లేదంటే ఏమిటమ్మా దానర్థం?"

స్టెల్లా పిన్ని ఇల్లున్న వైపు తిరిగింది.

"మిగతావాళ్లకి పిల్లి ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకే ధారాళంగా ఇచ్చేశారు. లేదన్న మనిషికే దాంతో ఏదో పనుంది," అంటూ ఉమాదేవిగారు కళ్లజోడు పెట్టుకున్నారు. "అయ్యప్పా, పోనియ్యి."

కాంతమ్మ ఇల్లు చెరువు గట్టుకి ఇవతల. రెండు గదుల డాబా, ముందు తాటాకు పందిరి, పందిరి కింద ఊడ్చి నీళ్లు చల్లిన వాకిలి. ఆటో చప్పుడు విని కాంతమ్మ బయటికొచ్చింది. దిట్టమైన మనిషి. కొంగు నడుముకి బిగించి, పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. పందిరి దాటి ఎదురు రాలేదు. కూర్చోమనలేదు. మంచినీళ్లు కావాలా అని అడగలేదు. ఇంకో ఊళ్లో అయితే ఇది మామూలే. రెల్లుగడ్డలో ఇది తలుపు మూసి గడియ పెట్టడంతో సమానం.

"ఏమే, దారి తప్పి వచ్చేవా?"

"నిన్ను చూద్దామనే వచ్చాను పిన్నీ. ఈవిడ ఉమాదేవిగారు, మా సొసైటీ పెద్ద."

"నమస్కారవండి. కుర్చీలన్నీ చర్చికి పట్టుకెళ్లేరు. ఏవనుకోకండి."

"పర్లేదండి. నిలబడే మాట్లాడుకుందాం." ఉమాదేవిగారు చెమట తుడుచుకున్నారు. "ఇక్కడ జంతువుల గురించి తెలుసుకుందామని వచ్చాం. ఎలుగుబంటి తిరుగుతుందాండీ ఇటువైపు?"

కాంతమ్మ మొహం మీదకి చిన్న వెలుగొచ్చింది. ఎంత బిగదీసుకున్నా రెల్లుగడ్డ మనిషి కదా.

"ఎలుగుబంటాండీ? మొన్న ఆదివారం మా చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంది. పాటలు కూడా పాడింది. గొంతు మంచిదే గాని శ్రుతి లేదండి."

అయ్యప్ప ఆటోలోంచి పగలబడి నవ్వాడు. స్టెల్లాకి ఒక్క క్షణం పాత పిన్ని కనబడింది, జడలేస్తూ చందమామకి పెళ్లి చేసిన పిన్ని.

"మరి బావురుపిల్లి?" అన్నారు ఉమాదేవిగారు.

వెలుగు ఆరిపోయింది.

"లేదు."

"పోనీ ఎప్పుడైనా—"

"లేదన్నాను కదండీ. లేనిదాన్ని ఉందని ఎలా చెప్పమంటారు?"

"ఇందాక ఎలుగుబంటి గురించి చెప్పినట్టే చెప్పండమ్మా," అన్నారు ఉమాదేవిగారు, గొంతు పెంచకుండానే. "పొద్దుట్నుంచి ఈ ఊళ్లో అడిగిందల్లా దొరికింది నాకు. ఈ ఒక్క పిల్లే, ఈ ఒక్క ఇంటి దగ్గరే, లేదు."

కాంతమ్మ గుంజ మీద పట్టు బిగించింది. ఆవిడ చూపు ఒక్కసారి పందిరి మూలకి పోయి తిరిగొచ్చింది. స్టెల్లా ఆ చూపు వెనకాలే వెళ్లింది.

మూలన కోళ్లగంప బోర్లించి ఉంది. దాని మీద రుబ్బురోలు పొత్రం. కోళ్లు మాత్రం, పుంజుతో సహా, వాకిట్లో తిరుగుతున్నాయి. గంప అంచున మట్టి తడిగా ఉంది. తడిలో చేప పొలుసులు మెరుస్తున్నాయి.

"పిన్నీ, ఆ గంప కింద ఏముంది?"

"పెట్ట. పొదుగుతోంది."

"చేపలు తినే పెట్టా?"

కాంతమ్మ గుంజ వదిలేసింది. అరుగు మీద కూలబడి, కొంగుతో మొహం ఒత్తుకుంది. తర్వాత మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"పదిరోజుల కిందట చెరువు చుట్టూ కట్టిన వలలో పడిందే. పిల్ల. ఇంకా పాలు మరిచిందో లేదో. వెనక్కాలు కోసుకుపోయింది. తల్లి అటు మడలోంచి అరుస్తానే ఉంది. నేను వల కోసి తీసి పసుపు పెట్టేను. కాలు కూడుకోగానే అక్కడే వదిలేద్దామని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే?" కాంతమ్మ తలెత్తింది. "నువ్వు పటం మీద చుక్కెడతావు. ముందు మడ జోలికి పోవద్దంటారు. తర్వాత మడ పక్కనున్నది కూడా వద్దంటారు. హేమంత్ చెరువు పోద్ది. పోనీ హేమంత్‌కి చెప్తే? వాడి చేపలు సగం దీని తల్లే తినేసింది, ఏది తింటందో తెలీక కర్ర పక్కనెట్టుకుని గట్టు మీద పాకలో పడుకుంటన్నాడు. వాడు చూస్తే ఇది పోద్ది. నీకు ఉందని చెప్తే నా కొడుక్కి దెబ్బ. వాడికి ఉందని చెప్తే దీనికి దెబ్బ. ఇంకేం చెప్పను? దీని తల్లి ఒక్కటే తిరిగేటప్పుడు నువ్వడిగినా, ఇప్పుడెవరడిగినా లేదనే చెప్పేను."

స్టెల్లా గంప వైపు చూస్తూ నిలబడిపోయింది. మూడేళ్లుగా వెతుకుతున్నది నాలుగడుగుల దూరంలో ఉంది. తప్పుడు చుక్కలన్నీ తుడిచేసినా ఈ ఒక్క నిజం చుక్క చాలు. మడ దారిన పిల్లి వస్తోంది, పిల్లలు పెడుతోంది. ఇంతకంటే సాక్ష్యం ఎక్కడుంటుంది?

ఉమాదేవిగారు అప్పటికే సంచీలోంచి ఫోను తీశారు.

"ఒక్క ఫొటో స్టెల్లా. ఇది సభలో పెడితే తీర్మానం నెగ్గుతుంది. మడ నిలుస్తుంది."

"మీ పత్రికలో వేస్తారు కదండీ?" అంది కాంతమ్మ. "మా వాకిలి, మా గంప. వాడు గుర్తుపట్టడా?"

ఈలోగా గట్టు మీద మోటార్ సైకిలు చప్పుడైంది.

కాంతమ్మ దిగ్గున లేచింది. "అన్నానికి ఇంకా వేళ కాలేదే! వాడొచ్చేలోగా రోజూ లోపల పెట్టేస్తాను," అంటూ గంప వైపు రెండడుగులు వేసి, ఇక లాభం లేదని ఆగిపోయింది. బండి వాకిట్లోకి వచ్చేసింది.

హేమంత్ బండి దిగాడు. ఎండకి నల్లబడ్డ మొహం, నిద్ర చాలని కళ్లు. అక్కని చూసి నవ్వాలో వద్దో తేల్చుకోలేనట్టు నిలబడ్డాడు.

"సొసైటీవాళ్లు మనింటికెళ్లేరని నూకరాజుగారు చెప్పేరక్కా. ఏంటి సంగతి? ఆ పిల్లి గానీ ఉందా ఏంటి ఇక్కడ?"

స్టెల్లా పిన్ని వైపు చూసింది. పిన్ని చూపు నేల మీద ఉంది. ఉమాదేవిగారి వైపు చూసింది. ఆవిడ ఫోను చేతిలో పట్టుకునే ఉన్నారు. ఉంది అంటే మడ. లేదు అంటే శనివారం సభలో చేతులు కట్టుకు నిలబడాలి. ఇల్లిల్లూ తిరిగి అందరినీ తాను అడిగిన ప్రశ్న ఇప్పుడు తన వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"లేదు తమ్ముడూ," అంది.

ఉమాదేవిగారి ఫోను నెమ్మదిగా సంచీలోకి వెళ్లిపోయింది.

హేమంత్ భుజాలు దిగాయి. ఆరు నెలలుగా లేని నవ్వు మొహంలోకి వచ్చింది. అక్క తన మాట విందనుకున్నాడో, తన చెరువుకి భయం తీరిందనుకున్నాడో గాని, ఒక్కసారిగా ఇంటి మగాడు అయిపోయాడు.

"అదేంటమ్మా, పెద్దావిడని ఎండలో నిలబెట్టే మాట్లాడతన్నావా? కుర్చీలు లేకపోతే మంచం లేదా? చూసినోళ్లు ఏవనుకుంటారు?" ఉమాదేవిగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "రెండు నిమిషాలండి. మంచం వాలుస్తాను, కూర్చోండి. బొండాలు దింపుతాను."

"వద్దురా," అంది కాంతమ్మ.

"వద్దంటే కుదరదు. మనిళ్లల్లో ఎప్పుడైనా ఉందా ఇలాగ?"

నులకమంచం పందిరి మూలన గోడకి ఆనించి ఉంది. మంచానికి అడ్డంగా గంప. గంప మీద పొత్రం.

"ఇదెవరెట్టేరిక్కడ?" అంటూ హేమంత్ వంగి, రెండు చేతులా పొత్రం పట్టుకుని ఎత్తాడు.

అప్పటిదాకా బుద్ధిగా ఉన్న గంప, ఎవరో మర్యాదగా పిలిచినట్టు, లోపల్నుంచి పలికింది.